కడ్డీ ఉందా, లేదా

మా వదినను ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే "చూడ్డం" అనేది. అడిగినవాళ్లు ఇంకేదో వస్తుందని కాసేపు ఎదురుచూసి, ఏమీ రాకపోయేసరికి నా వైపు తిరిగేవారు. "అంతరిక్ష పరిశోధన కేంద్రంలో" అని నేను తగిలించేదాన్ని. అప్పుడు వాళ్ల మొహాల్లోకి గౌరవం వచ్చేది. వదినకు అది నచ్చేది కాదు. "చేసేది చూడ్డమే కదా, దానికి మెరుగులు పెట్టడం దేనికి?" అని నన్ను కసురుకునేది.

వదిన అంటే మా ఆయనకు అక్క. మా ఇంట్లోనే పై గదిలో ఉంటుంది. అంతకుముందు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ఆ కళ్లు ఎలాంటివంటే, నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో గోడకు మేకు కొట్టి అద్దం తగిలిస్తే, గుమ్మంలోంచే "వెంట్రుకవాసి ఎడమకు ఒరిగింది" అంది. దారం కట్టి చూశాను. ఒరిగే ఉంది. "మా అక్క కంట్లో పడకు, నీ నీడలో కూడా అచ్చుతప్పులు తీస్తుంది" అని మా ఆయన అప్పుడే హెచ్చరించాడు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "వచ్చినవాళ్లందర్నీ ఒకసారి దిద్దాను, రెండోసారి దిద్దే ఓపిక లేక వదిలేశాను" అనేది.

ప్రెస్సు మూతబడ్డాక కొన్నాళ్లు ఇంట్లో కూర్చుంది. కూర్చోవడమంటే మమ్మల్ని దిద్దడమని అర్థం. పాల సీసా మూత దగ్గర్నుంచి మా ఆయన చొక్కా గుండీల దాకా అన్నీ తప్పులే. నేను అప్పటికే పరిశోధన కేంద్రంలో పని చేస్తున్నాను. అక్కడి పెద్ద హాల్లో ఎవరైనా ఉపన్యాసం ఇస్తుంటే, వెనక గాజుగదిలో కూర్చుని మైకులూ లైట్లూ తెరా చూసుకోవడం నా పని. ఒకరోజు నోటీసు బోర్డు మీద "నిశితంగా చూడగలవారు కావలెను" అని కనిపించింది. పెద్ద చదువు అక్కర్లేదట. ఇంటికొచ్చి "వదినా, ఇది మీకోసమే వేశారు" అని చెప్పాను. ఆవిడ ముందు నన్ను అనుమానంగా చూసింది, తర్వాత తన మంచి చీర బయటికి తీసింది.

పని ఇది. దూరదర్శినులు తీసిన గెలాక్సీల బొమ్మలు తెర మీద ఒకదాని వెనక ఒకటి వస్తాయి. గెలాక్సీ అంటే కోటానుకోట్ల నక్షత్రాలు ఒక్కచోట చేరి తిరగడం. చాలావాటికి సుడులు తిరిగిన చేతులుంటాయి. వాటిలో కొన్నింటికి నడిమధ్య నక్షత్రాలే బారులు తీరి అడ్డంగా ఒక కడ్డీలా కనిపిస్తాయి, చేతులు ఆ కడ్డీ రెండు కొసల నుంచి మొదలవుతాయి. మిగతావాటికి కడ్డీ ఉండదు. చేతులు నేరుగా నడిబొడ్డు నుంచే వస్తాయి. కడ్డీ ఉందా, లేదా? అదే వదిన చెప్పాల్సింది. చెప్పుకోవడానికి తేలికే. కానీ బొమ్మ మసగ్గా ఉంటుంది, గెలాక్సీ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, కడ్డీ అనుకున్నది తీరా చూస్తే చేతుల మొదలే అయి ఉంటుంది.

ఆ కేంద్రంలో ప్రొఫెసరు గారికి కావలసింది ఒక్క ప్రశ్నకు జవాబు. కొన్ని గెలాక్సీలు గుంపులు గుంపులుగా ఉంటాయి. కొన్ని చుట్టూ ఎవరూ లేకుండా ఒంటరిగా ఉంటాయి. పక్కనుంచి ఇంకో గెలాక్సీ పోతే దాని లాగుడుకి ఇది కుదుపుకి లోనవుతుంది, ఆ కుదుపులో కడ్డీ పుట్టవచ్చు. పక్కన ఎవరూ లేకపోయినా దానంతటదే పుట్టనూవచ్చు. గుంపు మరీ ఎక్కువైతే ఆ రాపిడికి లోపలి వాయువు ఊడ్చుకుపోయి, గెలాక్సీ కుదురే చెడవచ్చు. మరి చుట్టుపక్కలవాళ్లు కడ్డీని పెంచుతారా, చెరుపుతారా? ఒకరు ఇలా రాశారట, ఒకరు అలా రాశారట. తన దగ్గరున్న వేలాది బొమ్మల్ని మనుషులే కూర్చుని చూస్తే తప్ప తేలదని ఆయన పట్టు.

ఆ ప్రశ్న వదినకు అంటుకుంది. అన్నం తింటూ తింటూ ఆగిపోయి, "ఒంటరిగా ఉన్నదానికి అంత పొడుగు కడ్డీ ఎలా వచ్చి ఉంటుందే?" అనేది. ఒంటరిదో కాదో మీకెలా తెలుసని నేనంటే, "తెలీదు. అనుకుంటున్నా" అనేది. నిజంగానే తెలియదు. ప్రతి బొమ్మలోనూ నడుమ ఒక్క గెలాక్సీనే ఉంచి, చుట్టుపక్కల ఉన్నవాటిని కత్తిరించి పంపేవారు. పక్కన ఎవరున్నారో కనిపిస్తే మనసు ముందే తీర్పు చెప్పేస్తుందని ప్రొఫెసరు గారి భయం. ఇన్నేళ్ల చూపుకి చివర వచ్చే జవాబు వినాలని వదిన ఎంత ఆశపడిందో నాకు తెలుసు. సొంత తమ్ముడి పెళ్లికి కూడా ఆవిడ అంత ఎదురుచూడలేదు, ఆ మాట ఆవిడే నాతో అంది.

వదినతోపాటు ఇంకొకావిడ చేరింది. బట్టల మిల్లులో పని చేసి వచ్చింది. బట్ట వెనక దీపం పెట్టి పోగు తెగిన చోటు కనిపెట్టడం అక్కడ ఆవిడ పని. కేంద్రంలో అందరూ వదినను ప్రూఫమ్మ అనీ ఆవిడను మిల్లమ్మ అనీ పిలిచేవారు. మిల్లమ్మ వదిన కన్నా కొంచెం చిన్నది, "అక్కా" అనేది. రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది, ఎప్పుడూ దించి ఉండే తెరలు, రెండు బల్లలు, వాటి మధ్య తలెత్తు చెక్క అడ్డం. ఒకే బొమ్మ ఇద్దరి ముందూ ఒకేసారి వెలుగుతుంది, కాసేపుండి పోతుంది. ఆ లోపల కడ్డీ ఉందనిపిస్తే కీబోర్డులో కింద ఉండే పొడుగు బటన్ నొక్కాలి. లేదనిపిస్తే మూలనున్న చిన్నది. తేలకపోతే ఇంకోటి. పొడుగు బటన్ పాతబడి గట్టిగా టక్కుమనేది. చిన్నవి వినీ వినపడనట్టు ఉండేవి.

బొమ్మల గురించి ఇద్దరూ మాట్లాడుకోకూడదు. అది నియమం. వాళ్లు దాన్ని మడిగట్టుకుని పాటించారు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచి మోకాళ్ల నొప్పుల గురించీ, అద్దె పెంచిన ఇంటివాళ్ల గురించీ, నా వంట గురించీ మాట్లాడుకునేవారు. నా వంట గురించి ఎక్కువ మాట్లాడుకునేవారని మిల్లమ్మే నాకు చెప్పింది. ఉడికించిన గుడ్డులో వదినకు పచ్చసొన పడదు, మిల్లమ్మకు తెల్లసొన పడదు. "కోడి మీ ఇద్దర్నీ చూసే గుడ్డు పెట్టింది" అని నేను వేళాకోళం చేసేదాన్ని. మిల్లమ్మ మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు వదిన ఆస్పత్రిలోనే మకాం పెట్టింది. దుప్పటి మడతలు సరిగ్గా లేవని నర్సులతో పేచీ పెట్టుకుని, అందరి చేతా తిట్లు తిని, మిల్లమ్మను నడిపించుకుని బయటికి తెచ్చింది. ఆవిడకు పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయాడు. మా ఇల్లే ఆవిడకు పుట్టిల్లయింది.

చూపు విషయంలో కూడా ఇద్దరిదీ ఒకే మాట. ఒకరు ఉందంటే రెండోవారూ ఉందనేవారు. ప్రొఫెసరు గారు లెక్క తీసి, ఇంత పొత్తు ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. ఆ మాట వదిన మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందంటే, మా ఆయన చివరికి కూరలో ఉప్పు చాలిందా లేదా అన్నదానికి కూడా "అక్కను అడుగు, మిల్లమ్మను అడుగు, ఇద్దరూ ఒకటే చెబుతారు" అనడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఒక వానాకాలం వదిన ముభావంగా ఇంటికి రావడం మొదలైంది. ఏమిటంటే చెప్పదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది, మళ్లీ పెట్టుకుంటుంది, మళ్లీ తీస్తుంది. ఒకరోజు మెట్ల మీద నా పక్కన కూర్చుని బయటపడింది.

"ఇవాళ నియమం తప్పానే. భోజనం దగ్గర దాన్ని అడిగేశాను. పొద్దున ఒకటొచ్చింది, పళ్లెంలా గుండ్రంగా ఉంది. దానికి కడ్డీ ఉందంటావా అన్నాను."

"ఏమంది?"

"ఉందక్కా, అంత స్పష్టంగా ఉంటేను, నీకు కనపళ్లేదా అంది."

"కనపడలేదా మీకు?"

"కనపళ్లేదు. అయినా పొడుగు బటనే నొక్కాను. ఎందుకు నొక్కానో నాకే తెలీదు. ఈమధ్య చాలాసార్లు ఇలాగే అవుతోంది. నా చూపు పోతోందేమోనే."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తప్పు ఎదుటివాళ్లదే అయి ఉంటుందన్న ధీమాతో బతికిన మనిషి ఆవిడ. మర్నాడే కళ్లడాక్టరు దగ్గరికి వెళ్లింది. తోడు వెళ్లింది ఎవరనుకున్నారు? మిల్లమ్మ. కళ్లు బాగున్నాయి, వయసుకు మించి బాగున్నాయి అన్నాడట ఆయన. అయినా వదిన మనసు ఒప్పక కొత్త అద్దాలు చేయించుకుంది. ఫ్రేము మిల్లమ్మే ఎంచింది. "అక్క ముక్కుకి ఇదే నప్పుతుంది" అని మా అందరి ముందూ మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొత్త అద్దాలతో కూడా అదే తీరు. ఉన్నట్టుంటుంది, లేనట్టుంటుంది, వేలు మాత్రం పొడుగు బటన్ మీదికే పోతుంది. వదిన నిద్ర తగ్గింది. ప్రూఫులు దిద్దిన రోజుల్లో వదిలేసిన తప్పులన్నీ గుర్తు చేసుకోవడం మొదలుపెట్టింది. "వయసు, అంతే" అని మా ఆయన సర్దిచెప్పబోతే, "నీకేం తెలుసురా, కళ్లే కదా నాకున్నది" అంది. వాడు నోరు మూసుకున్నాడు. అవునండీ, మా ఆయన్ని వాడు అన్నాను. ఆ రోజు ఆయన అక్క ముందు చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

చలికాలంలో ప్రొఫెసరు గారి ఉపన్యాసం పెట్టారు. బయటి ఊళ్లనుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. చుట్టుపక్కలవాళ్లు కడ్డీలను ఏం చేస్తారన్నదాని మీద ఇన్నేళ్లలో తేలింది ఆ రోజు చెబుతారని అందరికీ తెలుసు. వదిన దిగులంతా పక్కనబెట్టి తయారైంది. ఇస్త్రీ చీర, కొత్త కళ్లజోడు. నాకంటే ముందే గుమ్మంలో నిలబడి "మైకు సరిగ్గా చూసుకో, ఒక్క మాట పోయినా ఊరుకోను" అని బెదిరించింది. హాల్లో మూడో వరసలో కూర్చుంది. మిల్లమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. గాజుగదిలోంచి నాకు వాళ్లిద్దరి జడలూ కనిపిస్తున్నాయి.

ప్రొఫెసరు గారు మంచి వక్త. గుంపులో ఉన్న గెలాక్సీలను చూపించారు, ఒంటరివాటిని చూపించారు. హాలంతా చీకట్లో ఆ వెలుగుల సుడులు తిరుగుతుంటే నాకే ముచ్చటేసింది. వదిన ముందుకు వంగి కూర్చుంది. అప్పుడాయన ఆగి, "జవాబు చెప్పే ముందు ఒక హెచ్చరిక. గెలాక్సీకి చుట్టుపక్కల ఉన్నట్టే, చూసేవాళ్లకు కూడా చుట్టుపక్కల ఉంటుంది" అన్నారు. జనం నవ్వారు. వదిన కూడా నవ్వింది.

ఆయన చెప్పుకుపోయారు. "మా ఇద్దరు పరిశీలకుల్లో ఒకరు నా దగ్గరికొచ్చి ఒక అనుమానం చెప్పారు. పక్కవారు తన బటన్ చప్పుడు విని, దాన్నిబట్టి నొక్కుతున్నారేమోనని. ఆవిడ సాయంతోనే ఒక చిన్న పరీక్ష పెట్టాం. కడ్డీ ఎంతమాత్రం లేదని గట్టిగా తేలిన గెలాక్సీలను మధ్యమధ్యలో కలిపాం. అవి ఎన్నో వరసలో వస్తాయో ఆవిడకు ముందే చెప్పాం, వచ్చినప్పుడు ఆవిడ కావాలనే పొడుగు బటన్ నొక్కుతారు. పక్కావిడ ఏం చేస్తారో చూడాలి."

తెర మీద రెండు నిలువు పట్టీలు వచ్చాయి. పక్కన చప్పుడు లేనప్పుడు, లేని కడ్డీ ఉందని వదిన అన్నవి ఒక పొట్టి పట్టీ. చప్పుడు విన్నాక అన్నవి దాని పక్కన నిట్టనిలువుగా పైకి లేచి ఉన్నాయి. పేర్లు చెప్పలేదు, "మొదటి పరిశీలకురాలు, రెండో పరిశీలకురాలు" అన్నారంతే. ఉన్నదే ఇద్దరైనప్పుడు పేరు దాచి ఏం లాభం? ముందు వరసలవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి మూడో వరస వైపు చూశారు. వదిన ముందుకు వంగినది వంగినట్టే ఉండిపోయింది. మిల్లమ్మ తల ఒళ్లోకి దిగిపోయింది.

నేను మైకు కట్టేశాను. అవును, కావాలనే. ప్రొఫెసరు గారి నోరు కదులుతోంది, మాట రావడం లేదు. ఆయన మైకును తట్టారు, నా వైపు చూసి చెయ్యూపారు. నేను వైర్లు వెతుకుతున్నట్టు కిందికి వంగి చేతనైనంతసేపు అక్కడే ఉన్నాను. గెలాక్సీ చుట్టూ ఉన్నవాటినన్నింటినీ కత్తెరతో కత్తిరించి పంపారు, మా వదిన పక్కన కూర్చున్న మనిషి సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు. తీరా తట్టింది కదా అంటే, చెప్పి ఆపడం మానేసి ఎర వేశారు. నేను లేచి మైకు వేసేసరికి ఆయన ముగింపులో ఉన్నారు. "కాబట్టి ఇద్దరి మాటా రెండు సాక్ష్యాలు కావు. మన ప్రశ్నకు జవాబు ఈ లెక్కలతో చెప్పలేం. మళ్లీ చూడాలి" అన్నారు.

ఉపన్యాసం అయ్యాక వదిన నేరుగా ఆయన గదికి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. ఆయన కుర్చీ చూపించారు. వదిన కూర్చోలేదు.

"ఇందులో మీ తప్పేం లేదమ్మా. మనిషన్నాక ఎవరైనా అంతే. మీకు ముందే చెబితే అది పరీక్షే కాదు కదా" అన్నారాయన. ఆయన మొహంలో కపటం లేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది.

"దాని మీద పెట్టారా?" అంది వదిన.

"ఏది?"

"ఈ పరీక్ష. నా చప్పుడు విని అదెన్ని నొక్కిందో చూశారా?"

"లేదమ్మా. ఆవిడకు విషయం ముందే తెలుసు కదా, ఇంకెలా పెడతాం?"

వదిన తల ఊపింది. తర్వాత ఇంకోటి అడిగింది. "ఒకరోజు అన్నం తింటూ దాన్ని అడిగాను, ఫలానా దానికి కడ్డీ ఉందా అని. స్పష్టంగా ఉందంది. అలా చెప్పమన్నది మీరేనా?"

"అన్నం దగ్గరా? అదేం నాకు తెలియదే" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. "బటన్ వరకే నేను చెప్పింది."

వదిన అప్పుడు కూర్చుంది. ఆవిడ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. బటన్ నొక్కడం ఉద్యోగమని సర్దుకోవచ్చు. గుడ్డు పంచుకుని తింటూ, కళ్లలోకి చూస్తూ చెప్పిన అబద్ధం మాత్రం ఎవరూ చెప్పమంటే చెప్పింది కాదు. ఆ తర్వాతే కదా కళ్లడాక్టరు దగ్గరికి తోడు వచ్చింది, ఫ్రేము ఎంచింది. ఇవన్నీ వదిన మనసులో ఒక్కొక్కటే దిగడం నేను నిలబడి చూశాను.

అయినా వదిన పని మానలేదు. ఒంటరి గదిలో కూర్చుని మళ్లీ మొదటి నుంచి చూస్తానంది. ప్రొఫెసరు గారు సంతోషంగా ఒప్పుకుని కింది అంతస్తులో ఒక గది ఇచ్చారు. పాత సామాన్ల గది అది, కిటికీ కూడా లేదు. పక్కన మనిషి లేదు, చప్పుడు లేదు. "ఇక నా కళ్లేవో నాకు తెలుస్తాయి" అని వెళ్లింది.

తెలియలేదు. బొమ్మ వస్తుంది. కడ్డీ ఉందనిపిస్తుంది. నాకనిపిస్తోందా, ఎవరో అనిపించేలా చేస్తున్నారా అన్న అనుమానం వెంటనే వస్తుంది. ఇది ఎరేమో, దీని వెనక ఎవరు నవ్వుకుంటున్నారో అనుకుంటుంది. ఆలోచించేలోపు బొమ్మ వెళ్లిపోతుంది. తేలనివాటి బటన్ ఒక్కటే అరిగిపోయేలా నొక్కింది. వయ్యారంగా అడ్డంగా పడుకున్న కడ్డీలు, నాలాంటిది కూడా గుర్తుపట్టేవి, వాటికి కూడా తేలలేదనే చెప్పింది. ప్రొఫెసరు గారు ఆ లెక్క చూసి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు. అన్న మాట మర్యాదే, అర్థం మాత్రం వద్దనే. వదిన తన కుర్చీ మీది దిండు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

ఇంట్లో మమ్మల్ని దిద్దడం కూడా మానేసింది. అది మాకు శిక్ష. మా ఆయన కావాలని చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని ఎదురుగా తిరిగేవాడు. వదిన చూసేది, ఊరుకునేది. "గుండీ తప్పు పడింది కదా అక్కా?" అని వాడే అడిగితే, "ఏమో, నువ్వే చూసుకో" అనేది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఎండ కాస్తున్న పొద్దున మిల్లమ్మ వచ్చింది. తలుపు తీసింది నేనే. మొహం మీద వేసేద్దామనే అనుకున్నాను. "రానీ" అని వదిన గొంతు లోపలినుంచి వచ్చింది. మిల్లమ్మ చిక్కిపోయి ఉంది. కాలు ఇంకా ఈడుస్తోంది. వచ్చి నేల మీదే కూర్చుంది, వదిన కుర్చీ పక్కన. నేను వంటగది గుమ్మంలో నిలబడ్డాను. కదలమన్నా కదిలేదాన్ని కాదు.

"అక్కా, ఒక మాట చెప్పాలి. విని నన్ను తన్నినా సరే."

వదిన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"వినేది నేనక్కా. నువ్వు కాదు. ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఆ మందులకి నా కళ్లు అలుక్కుపోయేవి. ఉద్యోగం పోతుందని చెప్పలేదు. నువ్వు నొక్కేదాకా ఆగి నేను నొక్కేదాన్ని. అందుకే మన ఇద్దరిదీ అంత బాగా కలిసేది. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఎవడైనా కనిపెట్టేస్తాడేమోనని భయపడి చచ్చేదాన్ని. వాళ్లు కనిపెట్టేలోపు నేనే వెళ్లి... నీ పేరు చెప్పాను."

"ఊఁ" అంది వదిన.

"నువ్వు అందులో చిక్కవనుకున్నానక్కా. ఒట్టు. ప్రూఫమ్మ కళ్లకి ఎర ఏమిటి, పరీక్ష పెట్టినా నెగ్గుతుంది, గొడవ అక్కడితో పోతుంది అనుకున్నాను. నువ్వు నా చప్పుడు నమ్ముతావనుకోలేదు."

"నీది కాబట్టి నమ్మాను" అంది వదిన. ఎంత మెల్లగా అందంటే, నాకు గుమ్మంలోకి సరిగ్గా వినపడలేదు కూడా.

మిల్లమ్మ ముక్కు తుడుచుకుంది. ఒక్కసారిగా మోకాళ్ల మీదికి లేచి వదిన కుర్చీ చెయ్యి పట్టుకుంది. "అక్కా, కొత్తవాళ్లను పెట్టారు కదా. వేరే వేరే గదుల్లో కూర్చుని మొత్తం చూశారు. జవాబు వచ్చేసింది. గుంపులో ఉన్నవాటి కడ్డీలు ఏమవుతాయో తేలిపోయింది. రేపు హాల్లో చెబుతారు. అందరికంటే ముందు నీకు చెబుదామనే పరిగెత్తుకొచ్చాను. చెప్పనా?"

వదిన మొహంలోకి వెలుగొచ్చింది. నేను చూశాను. ఎన్నాళ్ల తర్వాతో ఆవిడ కుర్చీలో ముందుకు వంగింది, నోరు తెరిచింది. ఆ వెలుగు ఎలా వచ్చిందో అలాగే పోయింది. వెనక్కి ఆనుకుంది.

"వద్దు" అంది.

"అదేంటక్కా? దీనికోసమే కదా అన్నేళ్లు..."

"నువ్వు చెప్పేది జవాబో, విని నేనేమంటానో చూడ్డానికి చెప్పేదో నాకెలా తెలుస్తుందే?"

మిల్లమ్మ భోరుమంది. చీర చెంగు నోట్లో కుక్కుకుని, కుర్చీ కాలికి తల ఆనించి ఏడ్చింది. వదిన చెయ్యి లేచింది. అలవాటైన చెయ్యి కదా, ఆస్పత్రిలో అంతకాలం ఆ తల నిమిరిన చెయ్యి. సగం దాకా వెళ్లి ఆగింది.

"ఏడవకే" అంది వదిన. "అది నిజమో కాదో కూడా తెలియట్లేదు నాకు."

మిల్లమ్మ చాలాసేపటికి లేచి, గోడ పట్టుకుని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు హాల్లో ప్రొఫెసరు గారు జవాబు చెప్పారు. మైకు దగ్గర కూర్చుని ఒక్క మాట పోకుండా విన్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వదిన మెట్ల మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను, అడుగుతుందేమోనని చూశాను. ఇంతవరకూ అడగలేదు.